పురుగు పట్టని వంగనారు

ఆదివారం పొద్దున పూర్ణా మార్కెట్లో వంకాయలు ఏరుతుంటే తొడిమ ముల్లు ఒకటి వేలికి గుచ్చుకుంది. దానితోపాటే పచ్చి తొడిమ వాసన. వంగతోటలో నడిచినవాళ్ళకే తెలిసే వాసన అది. ఆ వాసన తగిలితే చాలు, నాకు అప్పలనరసయ్య గారు గుర్తుకొస్తారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం. నా మొదటి ఉద్యోగంలో ఆయనే నా పైఅధికారి. పని నేర్పినవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు. తప్పు చేశాక ఎలా నిలబడాలో నేర్పింది మాత్రం ఆయనొక్కరే.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. భీమునిపట్నం వెళ్ళే దారిలో ఒక విత్తనాల కంపెనీకి ప్రయోగక్షేత్రం ఉండేది. అక్కడ జన్యుమార్పిడి వంగను పరీక్షించేవాళ్ళం. మట్టిలోని ఓ సూక్ష్మజీవి జన్యువును ఆ మొక్కలో చేర్చారు. కాయ తొలిచే పురుగు దాన్ని కొరికితే చస్తుంది, కాబట్టి మందు కొట్టే పని తగ్గుతుంది. నేను స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని. నాన్న ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, మొక్కల గురించి నాకన్నీ తెలుసనే పొగరుతో చేరాను.

మొదటి రోజే సార్‌ని అడిగాను, ఈ మొక్క మంచిదా, చెడ్డదా అని.

"మా అన్న ఉత్తి సేత్తో మందు కలిపీవోడమ్మా. ఓ రోజు సేలోనే పడిపోయాడు. బతికాడు గాని సేతుల వణుకు తగ్గలేదు. అన్నం కూడా వదినే తినిపిత్తాది. ఈ మొక్క రైతు కాడికి రావాలని నాకంటే ఎక్కువ కోరుకునీవోడు ఎవడూ లేడు" అన్నారు.

"మరి చుట్టూ ఈ కంచె, ఈ కాపలా ఎందుకు సార్?"

"మంచి మందైనా పిల్లలకందకుండా అటక మీదెడతాం కదా, అందుకు." తర్వాత గట్టు మీద పెరిగిన అడవి వంగ మొక్కను చూపించారు. తేనెటీగ మన పువ్వు మీద వాలి దాని మీదికి వెళితే ఆ పుప్పొడి ఏం చేస్తుందో ఇంకా పూర్తిగా తెలియదట. పురుగే కొన్నాళ్ళకు దీనికి అలవాటు పడిపోవచ్చట. దూరంగా సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు కనిపిస్తున్నాయి. "ఇలాటి మార్పు సెట్టుకి సేసినామనుకో, మరీ కట్టం. వంగైతే ఏడాదిలో పోద్ది. సెట్టు మన మనవల కాలం దాకా పుప్పొడి ఇసురుతూనే ఉంటాది. తెలిసీదాకా ఆగడం పిరికితనం కాదమ్మా" అన్నారు. నాకప్పుడు అది ముసలి చాదస్తంగానే తోచింది.

తోటలో కాసిన ప్రతి కాయనూ లెక్కచూసి గోతిలో పూడ్చాలి. బయటికి ఒక్కటీ పోకూడదు. ఆ గోయి దగ్గర పనిచేసేది పైడమ్మ. పక్క ఊరామె. ఇంటి వెనక కొద్దిపాటి వంగమళ్ళు వేసుకుని బతికేది. ఒక్క పుచ్చు లేని కాయల్ని గంపలకొద్దీ మట్టిలో కప్పుతుంటే ఆమె ప్రాణం కొట్టుకునేది. ఓ సాయంత్రం సార్ ఊళ్ళో లేరు. "అమ్మాయిగోరూ, ఇంత మంచి కాయ పాతీడానికి సేతులాడట్లేదు. ఓ నాలుగు ఒడిలో ఏసుకోనా?" అంది. కూర వండుకుంటుంది, అంతే కదా అనుకున్నాను. తలూపాను. నాలుగింట్లో ఒకటి బాగా ముదిరి పసుపు తిరిగిన కాయ.

"అది కూరకు పనికిరాదు కదా" అన్నాను.

"ఉండనీయండమ్మా" అని కొంగులో ముడేసుకుంది.

పసుపు కాయ విత్తనానికే దాస్తారని ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకు తప్ప అందరికీ తెలుసు. ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ క్షణంలో తట్టలేదు! పైడమ్మ ఆ గింజల్ని బూడిదలో కలిపి ఆరబెట్టి, పాత గుడ్డలో మూటగట్టి దాచింది. మూడు నెలల తర్వాత తనే సంతోషంగా చెప్పింది. నారు పోసిందట, మంచి నారని ఇరుగుపొరుగు ఐదిళ్ళకు పంచిందట. వాళ్ళ ఊళ్ళో నారడిగితే లేదనే అలవాటు లేదు. చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అది ఎన్ని పెరళ్ళకు పాకుతుందో దేవుడికే తెలుసు.

రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచాను. మూడోరోజు సార్ ముందు నిలబడి ఏడుస్తూ చెప్పేశాను. ఆయన తిట్టలేదు. చెప్పులు తొడుక్కుని, "పద, పూత రాకముందే తియ్యాల" అన్నారు. జీపులో మామూలు వంగనారు వేయించుకుని ఆరిళ్ళకూ వెళ్ళాం. ఆ జన్యువు ఏ మొక్కలో ఉందో, ఏ మొక్కలో లేదో చూసి చెప్పలేం కాబట్టి మొత్తం పీకాలి. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో మొక్కా పీకి, అదే గుంటలో కొత్తది నాటారు. పైడమ్మ గట్టు మీద నిలబడి చూస్తోంది.

"పురుగు పట్టని మొక్కని పీకీసి పురుగు పట్టీది ఇత్తన్నారు. ఇదేటి నాయం బాబూ?"

ఆయన చేతులు ఆగిపోయాయి. "నా కాడ జవాబు లేదమ్మా" అన్నారు. ఇంకేదైనా చెప్పి ఆమె నోరు మూయించగలిగేవారు. అలా చేయలేదు. ఆ రోజే ఆయన మీద నాకు భక్తిలాంటిదేదో కలిగింది.

ఆ సాయంత్రమే ప్రభుత్వానికీ కంపెనీకీ నివేదిక రాశారు. తప్పంతా తన అజమాయిషీ లోపమని రాసి కాగితం నా వైపు జరిపారు. "నీ పేరు నాను రాయను. రాయాలనుకుంటే నువ్వే రాసుకో." ఆయన పేరు కిందే నా పేరు రాశాను. తోట మూసేశారు. ఆయన్ని ఇంటికి పంపేశారు. నన్ను మాత్రం మందలించి ఉంచారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రెండు నెలలకు ఉండబట్టలేక పైడమ్మ ఊరికి వెళ్ళాను. మేం నాటిన వంగకు పురుగు పట్టింది. ఆమె భర్త మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా, వీపున డబ్బా తగిలించుకుని మందు కొడుతున్నాడు. పలకరించే ధైర్యం లేక వెనక్కి తిరిగి, నేరుగా సార్ ఇంటికి వెళ్ళి చెప్పాను.

"మనం సేసింది సరైన పనే. కానీ దాని బాద మనం పడట్లేదు, ఆళ్ళు పడతన్నారు. ఈ రెండిట్లో ఏదీ మర్సిపోకు" అన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఇలాంటి ప్రయోగాలకు అనుమతి ఇవ్వాలో వద్దో తేల్చేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. పుప్పొడి ఎంత దూరం పోతుందని అందరూ అడుగుతారు. ఈ ఊళ్ళో నారు ఎవరు ఎవరికిస్తారని నేను అడుగుతాను, కొందరు నవ్వుతారు. సరే అని రాసిన రోజు ఆ ఆరిళ్ళ పెరళ్ళు కళ్ళ ముందుకొస్తాయి. వద్దని రాసిన రోజు పైడమ్మ భర్త కనిపిస్తాడు, మూతికి గుడ్డ లేకుండా. ఏ రోజూ నా సంతకం తేలిగ్గా పడదు.