గడ్డకొక మాత్ర

మొన్న గుండె డాక్టరు నాకు రక్తం పలచబడే మాత్ర రాసిస్తే, మందులషాపు అమ్మాయి అట్ట చేతికిస్తూ, గడ్డ కట్టకుండా ఇది రోజుకు ఒక్కటే వేసుకోవాలని రెండుసార్లు చెప్పింది. ‘గడ్డ’ అనే మాట చెవిన పడగానే కోడుమూరు బావ గుర్తొచ్చాడు. ఇంటికొచ్చి పాత డైరీ తీశాను.

ఆయన మా అక్క భర్త. గుంటమగ్గంలో కూర్చుని కాళ్లతో చెక్కలు తొక్కుతూ చీరలు నేస్తుంటే ఇల్లంతా పాటకు తాళం వేసినట్టుండేది. అట్లాంటి మనిషికి వెన్నెముకలో గడ్డ ఉందని కర్నూలులో తేల్చారు. మంచాన పడి ఉండడంతో ఒక కాలు వాచి, అందులో రక్తం గడ్డకట్టింది. మందు వేయకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తుందనీ, మోతాదు మించితే వెన్నులో నెత్తురు కారి రెండు కాళ్లూ పడిపోవచ్చుననీ పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. మంగంపేట ముగ్గురాయి గనుల ఆఫీసులో రిజిస్టర్లు రాసే నేను అదంతా పొల్లుపోకుండా డైరీలో ఎక్కించి, బావను భయపెట్టడం ఎందుకని ‘గడ్డకు మాత్ర, సాయంత్రం ఒకటి’ అని మాత్రం చీటీ రాసిచ్చి డ్యూటీకి వెళ్లిపోయాను.

పదిహేను రోజులకు తిరిగొచ్చేసరికి ఆయన చిగుళ్లనుంచి నెత్తురు, చేతులమీద నల్లటి మచ్చలు. నెల రోజుల మాత్రలు అప్పుడే అయిపోయాయి.

"నువ్వే రాస్తివి గదప్పా, గడ్డకు ఒకటని. నాకు రెండుండాయి. ఈపులోదానికొకటి, కాల్లోదానికొకటి!" అన్నాడు బావ, తప్పేముందన్నట్టు.

"శానా తెలివి మీ బావకు! మూడో గడ్డ తలకాయలో ఉండాది," అని అక్క ఏడుస్తూనే కసిరింది.

నేనే చీటీలో ఇంకొక్క మాట రాసి ఉంటే! జీపులో కర్నూలు చేరేదాకా ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని, వేళ్లు కదిలించమని మాటిమాటికీ అడుగుతూనే ఉన్నాను. ఆయన విసుక్కుంటూనే కదిలించాడు. ఆ మందు ఆపి, విరుగుడు సూది వేసి, రోజూ రక్తం పరీక్ష చేసి, మళ్లీ కొంచెం కొంచెంగా మొదలుపెట్టారు. నెత్తురు వెన్నుదాకా పోలేదు. తర్వాత ఆపరేషనై, బావ చేతికర్రతో నడిచి, మళ్లీ మగ్గంలో దిగి అయిదేళ్లు నేశాడు.

ఇప్పుడు బావా లేడు, అక్కా లేదు. మేనల్లుడు ఆ గుంట పూడ్చి, టైల్స్ పరిచి, సోఫా వేశాడు. నేను పోయినప్పుడల్లా ప్రేమగా అందులోనే కూర్చోబెడతాడు. కూర్చుంటాను గానీ, ఆ కాళ్లు ఆడిన చోట నా పాదాలు మోపడానికి మనసొప్పక, కొంచెం పక్కకు జరుపుకుంటాను.