ముప్పై ఏడు పళ్ళ గేరు

2017వ సంవత్సరం, జూన్ పద్నాలుగు, బుధవారం. ఐదు రోజులుగా నైరుతి వాన పోర్ట్ బ్లెయిర్ రేకు కప్పుల మీద ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. సముద్రం మీద హెచ్చరిక ఇంకా ఉంది. మర్నాడు తెల్లవారేసరికి ఎత్తేస్తారని రేడియోలో చెప్పారు. జంగ్లీఘాట్‌లో పడవలన్నీ ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఆ కబురు కోసమే ఎదురుచూస్తున్నాయి. తేదీ, వాతావరణం చెప్పకుండా కథ మొదలుపెట్టడం కర్త లేని వాక్యం రాయడమేనని ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు చెప్పిన నోరు నాది. కాబట్టి ఆ రెండూ ముందే రాశాను.

ఆనాడు నేను ఇల్లు కదలడానికి కారణం మా ఆవిడ తాయారమ్మ రుబ్బురాయి. కరెంటుతో తిరిగేదే గానీ దాన్ని మా ఇంట్లో ఇప్పటికీ రుబ్బురాయనే పిలుస్తాం. పిండి సగం నలిగాక అది కీచుమని ఆగిపోయింది. దాన్ని గోనెసంచిలో చుట్టి, గొడుగు వేసుకుని, అబర్డీన్ బజారు దిగువన ఉన్న యర్రయ్య వర్క్‌షాపుకు వెళ్ళాను. నిజానికి ఆ వర్క్‌షాపు గడప తొక్కకుండా నేను పదకొండు నెలలు తప్పించుకు తిరిగాను. ఎందుకో చెబుతాను.

యర్రయ్య దగ్గర ఒక లేతు, ఒక వెల్డింగ్ సెట్టు, ఒక పాత మిల్లింగ్ మిషన్ ఉన్నాయి. లేతు మీద వస్తువు తిరుగుతుంది, కోసే ఉలి నిలకడగా ఉంటుంది. మిల్లింగ్ మిషన్ మీద పళ్ళచక్రంలాంటి కట్టర్ తిరుగుతుంది, వస్తువే నెమ్మదిగా దాని కిందికి జరుగుతుంది. కర్తరి ప్రయోగానికీ కర్మణి ప్రయోగానికీ ఉన్న భేదాన్ని ఇంత చక్కగా చూపించే ఉదాహరణ నాకు ఉద్యోగంలో ఉన్నంతకాలం దొరకలేదు. ఈ దీవుల్లో ఒక పడవ గేరు విరిగితే దాని బదులు కొత్తది మద్రాసు నుంచో విశాఖపట్నం నుంచో ఓడ మీద రావాలి. వానాకాలంలో ఆ ఓడ ఎప్పుడొస్తుందో చెప్పగలవాడు లేడు. అందుచేత విరిగినదల్లా యర్రయ్య దగ్గరికే వస్తుంది. వచ్చినదానికి పళ్ళు కోసి, గాళ్ళు తీసి, మళ్ళీ తిరిగేటట్టు చేసే మనిషి ఒక్కతే. ఆమె పేరు బేబీరాణి.

బేబీరాణి నా శిష్యురాలు. జంగ్లీఘాట్ మత్స్యకారుడు దాలయ్య కూతురు. పన్నెండో తరగతి తరువాత టీచర్ ట్రైనింగ్ ఫారం నేనే దగ్గరుండి నింపాను. మొదటి ఏడు సీటు రాలేదు. ఖాళీగా ఉండడమెందుకని ఐటీఐలో మెషినిస్టు కోర్సులో చేరింది. అది పూర్తయిన వేసవిలోనే ట్రైనింగ్ సీటూ వచ్చింది. నేను స్వయంగా దాలయ్య ఇంటికి వెళ్ళి, "మీ అమ్మాయి ఇక నా కుర్చీలో కూర్చుంటుంది" అని చెప్పి, వాళ్ళు పెట్టిన బెల్లం కాఫీ తాగి వచ్చాను. వారం తిరక్కుండా ఆ పిల్ల సీటు వదులుకుని యర్రయ్య మిషన్ దగ్గర చేరింది.

ఆ సాయంత్రం దాలయ్య, "ఇనపరజను పీల్చుకోడానికేటే నిన్ను సదివించింది?" అన్నాడట. కూతురితో ఆయన అన్న చివరి మాట అదే. ఆ తరువాత పదకొండు నెలలు ఒకే ఇంట్లో, ఒకే చూరు కింద, తండ్రీ కూతుళ్ళ మధ్య మాట లేదు. "దానికి అన్నం ఎట్టు," అని భార్య తవిటమ్మతో అనేవాడు; "నాన్నకి గొడుగిచ్చినావేటమ్మా?" అని ఆ పిల్ల తల్లిని అడిగేది. నేనూ అలిగాననే చెప్పాలి. దాలయ్యది తండ్రి అలక, నాది మాస్టారి అలక. రెండింటిలో రెండోదే తేలిక. ఒక రుబ్బురాయి చెడితే తీరిపోయింది.

నేను వెళ్ళేసరికి యర్రయ్య గుమ్మంలో బల్ల మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు.

"రండి మేస్టారూ! ఆ మూట ఏటి? గ్రైండరా? బైఠియే, బైఠియే. ఇయ్యాల మాత్రం అవదు. దాలయ్య పడవ గేరు పన్లో ఉంది బేబీ."

"దాలయ్య ఇక్కడికి వచ్చాడా?" అన్నాను ఆశ్చర్యంగా.

"సోమారం వొచ్చినాడు. ఓడ రాదు, ఇంకెక్కడికెల్తాడు? ఆ తమాషా మీరు సూడాల్సింది. ఇద్దరి మధ్యా మూరెడు దూరం. నన్నట్టుకుని, 'ఆ అమ్మినడుగు, బుధారానికి అవుద్దా?' అంటాడు. ఆ పిల్లేమో, 'అవుద్దని సెప్పు భయ్యా' అంటాది. 'పళ్ళు లెక్కెట్టిందేటో అడుగు.' 'ముప్పయ్యేడని సెప్పు.' అరే, నన్ను దుబాసీని సేసీసినారు మేస్టారూ!"

లోపల మిషన్ ముందు బేబీరాణి నీలిరంగు కోటు తొడుక్కుని నిలబడి ఉంది. జడ ముడివేసి టోపీ కింద దోపుకుంది. నన్ను చూసి కళ్ళతోనే నవ్వింది గాని నోరు విప్పలేదు. మిషన్ పైభాగాన ఒక ఎర్రగుడ్డ కట్టి ఉంది. పలకరించబోయిన నన్ను యర్రయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆ గుడ్డ సంగతి అప్పుడే తెలిసింది. ఈమెకు పని నేర్పి తన ఊరు రాంచీకి వెళ్ళిపోయిన పెద్దాయన పెట్టిన కట్టడి అది. గేరుకు పళ్ళు కోసేటప్పుడు ఉక్కు బిళ్ళను ఒక పెట్టెకు బిగిస్తారు. దాని పక్కన ఒక హ్యాండిలు, హ్యాండిలు వెనుక చుట్టూ రంధ్రాలున్న పలక ఉంటాయి. ఒక సందు కోయడం పూర్తయ్యాక హ్యాండిలును లెక్క ప్రకారం తిప్పి, దాని పిన్నును సరైన రంధ్రంలో దింపితే బిళ్ళ తరువాతి సందుకు జరుగుతుంది. ఈ గేరుకు లెక్క ఒక పూర్తి చుట్టు, ఆపైన మూడు రంధ్రాలు. అలా ముప్పై ఏడుసార్లు. ఒక్కసారి తప్పినా బిళ్ళ పాడైనట్టే. అందుకని ఎర్రగుడ్డ కట్టి ఉన్నంతసేపు ఆపరేటర్‌తో ఎవరూ మాట్లాడకూడదు. టీ తెచ్చినా చప్పుడు చేయకుండా కింద పెట్టి పోవాలి. వాగుడుకాయ అయిన యర్రయ్యకు అది రోజూ ఉపవాసమే.

పరీక్ష పేపర్లు లెక్కపెట్టేటప్పుడు అలాంటి గుడ్డ నాకూ ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. లెక్క ఇరవై దాటగానే ఎవరో ఒకరు వచ్చి నమస్కారం పెట్టేవారు. నమస్కారానికి ప్రతినమస్కారం చేసి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాణ్ణి. అయితే కాగితాలు మళ్ళీ లెక్కపెట్టవచ్చు. కోసిన ఉక్కును తిరిగి అతికించలేం.

నేను బల్ల మీద కూర్చుని చూస్తున్నాను. కట్టర్ మీద సన్నని ధారగా పాలలాంటి నూనెనీళ్ళు పడుతున్నాయి. వెండి రవ్వల్లాంటి రజను రాలుతోంది. ఒక సందు, హ్యాండిలు ఒక చుట్టు, ఒకటి, రెండు, మూడు, పిన్ను దిగిన చిన్న చప్పుడు. మళ్ళీ ఒక సందు. ఆమె పెదవులు కదలడం లేదు గాని లెక్క ఆమె మెడలో కదులుతున్నట్టు కనిపించేది. కోసిన ప్రతి సందుకూ పక్కనున్న రాతిపలక మీద సున్నపుముక్కతో ఒక గీత గీస్తోంది. ఇరవై ఎనిమిది గీతలు ఉన్నాయి.

అప్పుడు దాలయ్య వచ్చాడు. తలమీద ప్లాస్టిక్ సంచి, చేతిలో టిఫిన్ క్యారియర్. రోజూ అన్నం తెచ్చే తవిటమ్మకు జ్వరమట. అప్పటికి యర్రయ్య వెనుక గదిలో ఇనుము వెతుకుతున్నాడు. నేనేమో ఆ పెద్దమనిషి కూతురితో మాట్లాడడనే ధీమాతో ఊరుకున్నాను. దాలయ్య గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. వాన నీళ్ళు మోచేతుల నుంచి కారుతున్నాయి. క్యారియరు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"అమ్మీ," అన్నాడు. "కూర సల్లారిపోతాది."

బేబీరాణి చేయి హ్యాండిలు మీద ఉంది. ఎర్రగుడ్డ కట్టి ఉండగా యజమాని అరిచినా, కప్పు కూలినా తిరగకూడదని నేర్చుకున్న పిల్ల. తిరిగింది. ముఖమంతా తండ్రివైపు తిరిగింది.

"ఏటి కూర నాన్నా?"

"కోనెం సేప పులుసు."

"అమ్మకి జొరం కదా, ఎవులొండినారు?"

"నానే," అన్నాడు దాలయ్య.

ఆమె నవ్వుతూనే మళ్ళీ మిషన్‌వైపు తిరిగి, పిన్ను దింపి, కట్టర్ కిందికి బిళ్ళను నడిపింది. కట్టర్ అవతలికి వచ్చాక రంధ్రాల పలకవైపు చూసి మిషన్ ఆపేసింది. వర్క్‌షాపులో వాన చప్పుడు ఒక్కసారి పెరిగినట్టయింది.

"పిన్ను నాలుగో రంధ్రంలో పడిపోనాది," అంది మెల్లగా.

యర్రయ్య పరుగున వచ్చాడు. విషయం తెలిసి నెత్తి కొట్టుకున్నాడు. "దాలయ్యా! ఎర్రగుడ్డ కట్టి ఉంటే అగుపించలేదేటి నీకు?"

"నాకేటి తెల్సు గుడ్డ సంగతి! జెట్టీ కాడ ఎర్రజెండా ఎడితే సముద్రం మీదకి ఎల్లకూడదని తెల్సు గాని, ఎర్రగుడ్డ కడితే కన్నకూతుర్ని పిలవకూడదని ఎవుడైనా సెప్పినాడా?"

"పదకొండు నెల్లు పిలవనోడివి, ఇంకో గంట ఆగలేకపోనావా!"

ఆ మాటకు దాలయ్య తల దించుకున్నాడు. యర్రయ్య కొలత పెట్టి చూసి, కొంచెం తగ్గిన గొంతుతో అన్నాడు: "నూలుపోగంత తేడా. ఒక పన్ను లావవుద్ది, ఒకటి సన్నమవుద్ది. సలేగా, నడుస్తాది బేబీ. మిగతాయి కోసీ. రేపు తెల్లారే అందరూ ఎల్తన్నారు."

"నడుస్తాది. కొన్నాళ్ళకి ఆ సన్నది ఇరుగుతాది. ఇరిగితే ఎక్కడిరుగుతాదో తెలీదు కదా భయ్యా," అంది ఆమె, బిళ్ళను విప్పుతూ. "ఆ పడవ మీద ఎల్లేది మా నాన్న."

విప్పిన బిళ్ళను పనికిరాని ఇనుము ఉన్న డబ్బాలో వేసింది. కొత్త బిళ్ళకు ఉక్కు వెతికి లేతు మీద తిప్పాలి. మళ్ళీ మొదటి పన్ను నుంచి మొదలుపెట్టాలి. మర్నాడు సాయంత్రం దాకా పని. అయిదు రోజుల తరువాత సముద్రం తెరుచుకునే మొదటి రోజు, అంటే వేట బాగా పడే రోజు, దాలయ్య పడవ ఒక్కటే ఒడ్డున ఉండిపోతుంది.

నేను ఆయన ముఖంవైపు చూశాను. ఈ నష్టంతో ఇప్పుడే పుట్టిన మాట ఇక్కడే చచ్చిపోతుందేమో, పదకొండు నెలలు కాస్తా పదకొండేళ్ళవుతాయేమో అని నా భయం. ఆయన వంగి ఆ డబ్బాలోకి చూశాడు. దుబాసీ అక్కర్లేకుండా నేరుగా అడిగాడు.

"నా వల్లే పాడయిందేటమ్మీ?"

"నాను తిరిగినాను నాన్నా. తిరక్కూడదు. తిరిగినాను."

"మరెందుకు తిరిగినావు?"

ఆమె చేతులకు అంటిన నూనె గుడ్డకు తుడుచుకుంటూ ఉంది. చివరికి దాలయ్యే కింద చతికిలబడి క్యారియరు మూత తీశాడు. "రేపటి సంగతి రేపు. ముందు తిను. మేస్టారూ, మీరూ రండి. ఉప్పెక్కువైనాదేమో సూడండి."

ఎక్కువే అయింది. అయినా ముగ్గురం గిన్నెలు ఖాళీ చేశాం.

మర్నాడు వాన తెరిపిచ్చింది. రుబ్బురాయి గురించి కనుక్కునే నెపంతో నేను మళ్ళీ వెళ్ళాను. జంగ్లీఘాట్ నుంచి పడవలు వెళ్ళిపోయిన చప్పుడు ఊరంతా విన్నది. దాలయ్య మాత్రం వర్క్‌షాపు గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎర్రగుడ్డ ఆయనే కట్టాడట. ఒళ్ళో ఖాళీ పాలడబ్బా, గుప్పిట్లో వలకు కట్టే సీసపు గుళ్ళు. కట్టర్ ఒక సందు కోసి బయటికి వచ్చినప్పుడల్లా ఒక గుండును డబ్బాలో చప్పుడు కాకుండా పెడుతున్నాడు. నేను నోరు తెరవబోతే వేలు పెదవులమీద పెట్టాడు. యర్రయ్య ఫోను మోగింది. దాలయ్య దాన్ని లాక్కుని తన తలపాగాలో చుట్టి కింద పెట్టి, "చుప్," అన్నాడు, ఆ కొట్టు యజమానితోనే.

చివరి సందు కోశాక ఆమె మిషన్ ఆపి, తనే ఎర్రగుడ్డ విప్పింది. దాలయ్య గుళ్ళన్నీ నేలమీద పోసి లెక్కపెట్టాడు.

"ముప్పయ్యేడు," అన్నాడు.

"ముప్పయ్యేడే నాన్నా," అంది ఆమె, రాతిపలక మీది గీతలు చూపిస్తూ.

ఆ గేరును ఆయన రెండు చేతులతో అందుకున్నాడు. పళ్ళమీద బొటనవేలితో నెమ్మదిగా తడుముకుంటూ చుట్టూ వచ్చాడు. పంచె కొంగులో చుట్టుకుని, "బేగి ఇంటికి రా, అమ్మకి జొరం తగ్గినాది," అని చెప్పి వెళ్ళాడు.

తరువాత నాలుగైదేళ్ళకు యర్రయ్య కంప్యూటరుతో నడిచే కొత్త మిషన్ తెప్పించాడు. పాతదాన్ని బేబీరాణి తీసుకుని, కుటుంబంతో సహా ఉత్తరాన ఉన్న రంగత్ ఊరికి వెళ్ళిపోయింది. 2016 మొదట్లో నా పదవీ విరమణ నాడు ఆమెను ఒకటే అడిగాను: ఫోనులో కాదు, జీవితంలో ఒక్కసారైనా తెలుగులో ఉత్తరం రాయమని. తొమ్మిదేళ్ళు పట్టింది. ఉన్నది ఉన్నట్టుగా కింద ఇస్తున్నాను; పూర్ణవిరామాలు మాత్రం నావి.

"రంగత్, 2025 జనవరి 19.

మాస్టారు గారికి బేబీరాణి నమస్కారాలు. తాయారమ్మ గారు బాగున్నారా. రుబ్బురాయి తిరుగుతోందా. ఆగితే బస్సులో వేసి పంపండి, చేసి పంపుతాను.

మీరు నింపిన ఫారం వదిలేసినందుకు మీకు కోపం పోయిందో లేదో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

మా కొట్టు బస్సుస్టాండు వెనకాల. పని బాగుంది. బోటు గేర్లు, చెరుకురసం మిషన్ గేర్లు, అన్నీ వస్తాయి. నాన్న మోకాలు నొప్పి వల్ల సముద్రం మానేశారు. రోజంతా కొట్టు గుమ్మంలో స్టూలు మీదే ఉంటారు. ఎవరినీ లోపలికి రానివ్వరు. పాలడబ్బా, సీసం గుళ్ళు ఇంకా ఉన్నాయి. నేను గుడ్డ కడితే లెక్కపెడతారు.

కానీ మాస్టారూ, ఇప్పుడు ఆయన చాలా మాట్లాడుతున్నారు. చిన్నప్పుడు సముద్రంలో చూసినవన్నీ చెబుతున్నారు. ఒకటే కథ నాలుగుసార్లు కూడా చెబుతారు. పళ్ళు కోసే పని అయితే గుడ్డ కట్టక తప్పదు. కానీ గాడి తీయడమంటే ఇరుసుకు ఒకటే కోత, ఆ పనికి లెక్క అక్కర్లేదు. ఆ సంగతి నాన్నకు తెలియదు. ఏ పని మొదలుపెట్టినా 'గుడ్డ కట్టావా అమ్మీ' అని అడిగి ఊరుకుంటారు. అందుకని గేరు పనులు మధ్యాహ్నానికి పెట్టుకుని, పొద్దున్నంతా గాడి పనులు చేస్తున్నాను. గుడ్డ కట్టలేదు నాన్నా, చెప్పు అంటాను. అప్పుడు చెబుతారు.

ఉంటాను. నాన్న కూర చల్లారిపోతుందని పిలుస్తున్నారు.

మీ శిష్యురాలు,
బేబీరాణి"