నవంబరులో మారిన బడి

గత వారం మా పాఠశాల వరండాలో ఒక తండ్రి కూతురిని వెంటబెట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు. నేను గిద్దలూరులో ఉపాధ్యాయురాలిని; అప్పుడు తరగతిలో ఉన్నాను. కిటికీలోంచి చూస్తే ఆ అమ్మాయి చెప్పులు విడిచి గోడవారగా జరిపి, సంచిని రెండు చేతులతో పొట్టకు ఆనించుకొని, లోపలినుంచి ఎవరు పిలుస్తారా అని ఎదురుచూస్తోంది. జూన్‌లో చేరే పిల్లలు గుంపుగా వస్తారు. భయం కూడా అందరిలోకీ పంచుకుపోయి కొంత పలచబడుతుంది. నవంబరులో వచ్చే పిల్ల ఒక్కతే వస్తుంది. నేను కూడా తొమ్మిదో తరగతిలో అట్లా నవంబరులో వచ్చినదాన్నే.

మాది త్రిపురాంతకం దగ్గరి పల్లె. జనవరి రాగానే కూలిపని లేక సగం ఇళ్లకు తాళాలు పడేవి. మంచాలు, గిన్నెలు, బియ్యపు మూటలు ట్రాక్టరుకెత్తి, పెద్దలూ పిల్లలూ గుంటూరు వైపు మిరపకోతకు వెళ్లి వేసవిలో తిరిగి వచ్చేవారు. ఎనిమిదో తరగతి చదివే ఏడాది నేనూ వెళ్లాను; చెల్లెలు ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉండిపోయింది. అమ్మా నాయనా చేనులో ఉంటే గుడిసె దగ్గర నెలల పిల్లవాడైన తమ్ముణ్ని ఎత్తుకోవడం నా పని. మిరప ఘాటుకు వాడు తుమ్మితే నేనూ తుమ్మేదాన్ని. ఒకరి ముఖం ఒకరు చూసుకొని మళ్లీ తుమ్మేవాళ్లం. తిరిగి వచ్చేసరికి బడికి సెలవులు. ప్రధానోపాధ్యాయులు జాలి తలచి నన్ను తొమ్మిదిలో కూర్చోబెట్టారు గాని, ఇంకొకసారి ఇట్లా జరిగితే తానేమీ చేయలేనని నాయనతో స్పష్టంగా చెప్పారు.

ఆ మరుసటి శీతాకాలం మొదట్లో మా మేనత్త ఊరికి వచ్చింది. ఆమె నాయనకు అక్క. మార్కాపురంలో పలకలకు చెక్క చట్రాలు బిగించే షెడ్డులో పనిచేసేది. మామ చనిపోయిన తరవాత ఒక్క గదిలో ఒంటరిగా ఉండేది. వచ్చిన పని నేరుగా చెప్పింది.

“పిల్లను నాకాడ వదులురా. ఆడి బళ్లో చేర్పిస్తా.”

“అది రాకుంటే చంటోన్ని ఎవరెత్తుకుంటారక్కా?”

“కన్నోడివి నువ్వు. నన్నడుగుతావేంది?”

అమ్మ తమ్ముణ్ని ఒక చంకనుంచి ఇంకొక చంకకు మార్చుకున్నది. ఆరో తరగతి చదివే చెల్లెలు గడపమీద కూర్చొని శనక్కాయలు ఒలుచుకుంటోంది. నాయన “క్రిస్మస్ దాకా చూస్తా. అర్ధసంవత్సరం పరీక్ష అన్నిట్లో పాసయితే ఈ ఏడు ఆడనే ఉండనీ. కాకపోతే మాతోనే తీస్కపోతా” అన్నాడు. మా వంశంలో అంతవరకు ఎవరి చదువుకూ గడువు పెట్టవలసిన అవసరమే రాలేదు కనుక, ఆ మాట నాకు ఒక గౌరవంలాగా కూడా వినిపించింది.

కొత్త బడిలో మొదటి రోజే ఒక పొరపాటు చేశాను. మా పల్లెలో పెద్దవాళ్లు ఎదురైతే ప్రార్థనామందిరంలో నేర్పినట్టు “వందనాలండీ” అనడం అలవాటు. లెక్కల మాస్టారు తరగతిలోకి రాగానే అందరూ లేచి నమస్కారం చెప్పి కూర్చున్న తరవాత, నేనొక్కదాన్నే నిలబడి “వందనాలండీ సార్” అన్నాను. నలభైమంది నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వకుండా “వందనాలమ్మా, కూర్చో” అన్నారు. దానితో వాళ్లు ఇంకా ఎక్కువగా నవ్వారు.

పక్కన కూర్చున్న అమ్మాయి సైకిలు షాపాయన కూతురు. వాళ్ల అమ్మతో ఉర్దూలో మాట్లాడేది, మిగిలిన ప్రపంచంతో తెలుగులో పోట్లాడేది.

“మీ వూర్లో అందరికీ వందనాలేనా? బస్సు కండక్టరుక్కూడానా?” అని అడిగింది.

“పెద్దోళ్లకు చెప్తాం.”

“అయితే నాక్కూడా చెప్పు. చూస్తే నీకంటే పెద్దదాని మాదిరే ఉన్నా.”

చెప్పాను. ఆమె ఎంతో మర్యాదగా స్వీకరించింది.

అసలు చిక్కు లెక్కల్లో వచ్చింది. అప్పట్లో లెక్కలకు రెండు పేపర్లు. మా పల్లె బడిలో బీజగణితం ఉన్న మొదటి పేపరు దాదాపు పూర్తిచేసి, రెండోదాన్ని ముట్టుకోలేదు. ఇక్కడి మాస్టారు రేఖాగణితం ఉన్న రెండో పేపరుతో మొదలుపెట్టి, మొదటిదానికి అప్పుడే వస్తున్నారు. తరగతి అంతటికీ వచ్చినది నాకు రాదు. నాకు వచ్చినది అక్కడ ఎవరికీ సరిగా రాదు. పరీక్షకు నెలన్నర కూడా లేదు. ఈ సంగతి తెలిసిన క్షణంలో నాకు ట్రాక్టరు మీద కట్టిన మంచాలు కనిపించాయి. నా పక్క అమ్మాయికి మాత్రం బేరం కనిపించింది.

“నువ్వు నాకు బీజగణితం చెప్పు, నేను నీకు త్రిభుజాలు చెప్తా. ఊరికే ఏం కాదులే, బాకీ ఉండదు.”

ప్రతి సాయంత్రం బడి వదిలాక అత్త గది ముందర కూర్చునేవాళ్లం. షెడ్డులో పగుళ్లిచ్చిన పలకలు ఇంటి చుట్టూ ఎన్నో పడి ఉండేవి కనుక మాకు కాగితం కొరత లేదు. ఒక త్రిభుజం తప్పు పోతే తుడిచేవాళ్లం కూడా కాదు, ఇంకొక ముక్క అందుకునేవాళ్లం. నేను నిదానంగా చెప్పేదాన్ని. ఆమె చెప్పేటప్పుడు తిట్టేది. పలకదుమ్ముతో తెల్లబడిన జుట్టుతో అత్త పనినుంచి వచ్చి, మా బొమ్మలు చూసి, “ఏందే, పొద్దుగూకులు ఇంటి కప్పులు గీస్తా కూసున్నారు? గోడలెప్పుడు లేపుతారు?” అని అడిగి టీ పెట్టేది. ఆ టీలో కూడా కొంచెం పలకరుచి ఉండేదని నా అనుమానం.

పరీక్షలు అయ్యాయి. రేఖాగణితంలో గట్టెక్కాను; మిగిలినవాటిలో ఇబ్బంది లేకపోయింది. నేను నేర్పిన బీజగణితంలో ఆ అమ్మాయికి నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ సంగతి ఆమె ఈనాటికీ ఫోను చేసిన ప్రతిసారీ గుర్తుచేస్తుంది.

పండుగకు నన్ను తీసుకువెళ్లడానికి నాయన మార్కాపురం వచ్చాడు.

“పాసయినావా?”

“అయినా నాయనా.”

“అన్నిట్లోనా?”

“అన్నిట్లో.”

తలపాగా విప్పి ముఖం తుడుచుకొని, చెంబెడు నీళ్లు తాగాడు. సంతోషించాడనే అనుకుంటాను. “అయితే నువ్వు ఈడనే ఉండు” అన్నాడు.

“మరి చంటోడు?” అని అత్త అడిగింది.

“చిన్నదుండాది కదా.”

“దానికీ బడుండాదిరా.”

“ఆరో తరగతే కదక్కా.”

అత్త వెనక్కి తిరిగి గదిలోకి చూసింది. ఉన్నది ఒక్క గది. పరీక్ష తప్పితే నేను వెళ్లాలని మాత్రమే నాకు తెలుసు. నెగ్గితే మరొకరు వెళ్లాలని ఆ నెలన్నరలో ఒక్కసారి కూడా తోచలేదు.

చెల్లెలు ఏడవలేదు. పైగా ట్రాక్టరు ఎక్కబోతున్నానని ఊరంతా చెప్పుకున్నది. జనవరిలో బియ్యపు మూటమీద కూర్చొని, తమ్ముణ్ని ఒక చేత్తో అదిమిపట్టుకొని, రెండో చేత్తో ఎవరికి పడితే వారికి వీడ్కోలు చెబుతూ వెళ్లిందని అమ్మ తరవాత చెప్పింది. తరవాతి రెండేళ్లూ ఆమే వెళ్లింది. ప్రతి జూన్‌లోనూ బడికి తిరిగి వచ్చింది గాని, ప్రతిసారీ పాఠం ఆమెను దాటి కొంత ముందుకు పోయి ఉండేది. పదో తరగతి గట్టెక్కలేదు. ఇప్పుడు కురిచేడులో కాపురం, ఇద్దరు పిల్లలు. మేం కలిసినప్పుడు ఆ ఏడాది మాట ఆమే ఎత్తుతుంది.

“ఎంత బాగుండె అక్కా. బడికి పొమ్మనేటోళ్లు లేరు. తమ్ముడేమో కోతిపిల్ల మాదిరి నన్ను వదిలేటోడు గాదు.”

ఆమె నన్ను ఓదార్చడానికి అలా అంటుందనుకునేదాన్ని. కాదు, నిజంగానే అంటుంది. ఆ జనవరి మా ఇద్దరికీ ఒకే రోజున మొదలైంది. నాది జూన్ రాగానే పదో తరగతిలోకి నడిచింది. మా చెల్లెలిది ఏ తరగతిలోకీ పోకుండా ఇన్నేళ్ల తరవాత కూడా జనవరిగానే ఉండిపోయింది.