సోడా కొట్టు మీద దొరసాని

మా నాన్న బోర్డులు రాస్తాడు. నరసరావుపేట బజార్లో పత్తిమందుల కొట్టు మీద లావుపాటి పచ్చపురుగు కనబడిందంటే అది మా నాన్న చేతిదే. ఇంట్లో ఎప్పుడూ ఎనామిల్ రంగు వాసనే. అక్క పెళ్ళయి మాచర్ల వెళ్ళేటప్పుడు కొత్త చీర మడతల్లో కూడా అదే వాసన కొడుతోందని అమ్మ విసుక్కుంది.

అక్క వెళ్ళాక నా మాటలు వినేవాళ్ళు లేకుండా పోయారు. నేను వాగుడుకాయని. ఏడో తరగతితో బడి మానేశాక నా వాగుడంతా విన్నది అక్కే. మాచర్ల ఏమంత దూరం కాదు, రైలెక్కితే ఒక్క పూటలో దిగే ఊరే. కానీ అక్క అత్తగారు మంచాన పడింది. ఆమెని వదిలి అక్క కదలడానికి లేదు. మనమే వెళ్దామంటే, పిలవకుండా ఎట్లా పోతామని అమ్మ అనేది. ఫోటోలు దిగడం మా తాతకి గిట్టదు, పెళ్ళిలో కూడా తీయించలేదు. అందుకని చూసుకుందామంటే ఇంట్లో అక్క బొమ్మ ఒక్కటీ లేదు.

అట్లాంటి రోజుల్లో బస్టాండు దగ్గర సోడా కొట్టు శెట్టిగారు ఒక క్యాలెండరు కాగితం పట్టుకొచ్చాడు. యానాంలో ఉండే ఆయన బావమరిది పోస్టులో పంపాడట. ఎప్పుడో మన తాతల నాడు ఫ్రాన్సు దేశంలో గోడలకి అంటించిన పోస్టరు బొమ్మ అది. పసుపు గౌను వేసుకున్న దొరసాని, గాలికి ఎగిరే జుట్టు, పైకెత్తిన చేతిలో పచ్చటి నీళ్ళున్న గ్లాసు.

"దీన్ని రేకు మీద నిలువెత్తు దించాల సాయిబూ. గ్లాసులో మాత్రం మన సుగంధిపాల సోడా ఉండాల. ఎర్రగా కొట్టు."

ఆయన వెళ్ళాక నాన్న ఆ కాగితాన్ని చానాసేపు చూశాడు.

"నీడల్లేవు, వెలుగుల్లేవు. రంగు నింపి చుట్టూ నల్లగీత లాగాడు, అంతే. దీన్ని వేసినోడెవడో మన బోర్డులోడేనే," అన్నాడు, దూరపు చుట్టం దొరికినట్టు.

కాగితం మీద చిన్న గళ్ళు, రేకు మీద పెద్ద గళ్ళు గీసి, గడి చూసి గడి దించడం నాన్న పద్ధతి. మధ్య మధ్య వెనక్కి వచ్చి, ఒక కన్ను మూసి, బొటనవేలు ముందుకి చాచి కొలత చూసేవాడు. గౌను అయింది, జుట్టు అయింది. ముఖం దగ్గర ఆగిపోయాడు. పోస్టులో నాలుగు మడతలు పెట్టి పంపారు కదా, మడతలన్నీ కలిసే చోటు సరిగ్గా దొరసాని ముఖం మీదే పడి రంగంతా రాలిపోయింది. అక్కడ తెల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు.

మర్నాడు టీ తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. రేకు మీద ముఖం వచ్చేసింది. ఒక కనుబొమ్మ కాస్త పైకి, నవ్వితే ఎడమ పక్కకి పోయే పెదవి. మా అక్క.

"నాన్నా..."

"గ్లాసు అక్కడ పెట్టి పో," అన్నాడు, ఇటు తిరక్కుండా.

నేను పోలేదు. అక్కడే కూర్చుని టీ చల్లారిపోయేదాకా అక్కకి కబుర్లు చెప్పాను. నాన్న వద్దనలేదు.

సాయంత్రం అమ్మ చూసింది. ఇక చూడండి!

"చేతుల్లేని గౌనేసి, గ్లాసు చేతికిచ్చి, నా కూతుర్ని బస్టాండులో నిలబెడతావా? రేపు మాచర్లోళ్ళు కోర్టు పని మీద వచ్చి సోడా తాగుతా తలెత్తితే?"

"ఎవరు గుర్తుపడతారే?"

"నేను గుర్తుపట్టలా? చెరిపెయ్ ముందు."

రంగు ఇంకా ఆరలేదు. నాన్న కిరసనాయిలు గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. నేను అడ్డంగా నిలబడి ఏడ్చాను. తప్పుకోమని అమ్మ, తప్పుకోనని నేను. ఆ గొడవలోకి శెట్టిగారు వచ్చి రేకు ముందు నిలబడ్డాడు.

"బాగుంది సాయిబూ! మరి బొట్టేదీ?"

"దొరసానికి బొట్టేంది శెట్టిగారూ?"

"దొరసానైతే ఏంది, నిలబడేది నా కొట్టు మీద కదా? బోసి ముఖంతో బేరాలు జరుగుతాయా? రూపాయి బిళ్ళంత పెట్టు."

మా ఇళ్ళలో బొట్టు పెట్టుకోరు. నాన్న అమ్మ వంక చూశాడు. అమ్మ రేకు వంక చూసింది. నాన్న గుడ్డ కింద పడేసి, కుంచె ఎర్రరంగులో ముంచి ఆ నుదుటి మీద గుండ్రంగా తిప్పాడు.

"ఆఁ, ఇప్పుడు మాచర్ల నించి దాని మామ వచ్చినా పోల్చుకోలేడు. ఎవరో శెట్లమ్మాయిలా ఉంది," అంది అమ్మ, ఊపిరి వదిలి. శెట్టిగారికి ఏమీ అర్థం కాలేదు. తన బంధువుల పోలికలు వచ్చాయని సంతోషపడ్డాడు.

ముఖం మిగిలింది. కానీ ఎంత చూసినా నాకు అక్క కనబడలేదు. ముందు ఆ ఎర్ర బొట్టే కంటికి తగిలేది. బోర్డు కొట్టు మీదికి ఎక్కాక ఏదో ఒక పని చెప్పి బస్టాండుకి వెళ్ళేదాన్ని. ఒకరోజు నాన్న కొలత చూసే పద్ధతి గుర్తొచ్చింది. రోడ్డుకి ఇవతల నిలబడి, ఒక కన్ను మూసి, బొటనవేలు చాచి సరిగ్గా బొట్టు మీదికి తెచ్చాను. అక్క! అచ్చం అక్క, నా మాటకి నవ్వబోతూ.

అది మొదలు రోజూ అదే పని. మొన్నామధ్య అట్లాగే నిలబడి ఉంటే, నాకు కాస్త దూరంలో రంగు డబ్బాలు కింద పెట్టి ఒక మనిషి కన్ను మూసి వేలు చాచి నిలబడ్డాడు. మా నాన్న.

"ఏందే, ఇక్కడున్నావు?"

"సోడా తాగుదామని. నువ్వేంది?"

"కొలత చూస్తున్నా. బోర్డు పక్కన బల్బు పెట్టాలంటున్నాడు శెట్టి."

"నేనెప్పుడన్నాను సాయిబూ?" అని శెట్టిగారు కొట్లోంచి అరిచాడు.

నాన్న డబ్బాలు ఎత్తుకుని, "ఎండ మండిపోతోంది, ఇంటికి పద," అన్నాడు.

ఇంకొక్కసారి చూసి వస్తానన్నాను. సరేనని ఆయన కూడా డబ్బాలు మళ్ళీ కింద పెట్టాడు.