ఫ్రిజ్ మీద మిగిలిన మాట

"ఏమంటారు, ఆపరేషన్ చేయించేద్దామా?" అన్నాను. "నీ ఇష్టం" అన్నారు మా ఆయన. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆ వెంటనే మంచం తోసుకుంటూ లోపలికి తీసుకుపోయారు. ఆయన గుండె ఆపరేషన్ బల్ల మీదే ఆగిపోయింది.

ఇవాళ పెరుగు తీయబోతుంటే ఫ్రిజ్ తలుపు మీద, అయస్కాంతం కింద, పాత అట్టముక్క కనబడింది. దాని మీద ఒక ఇంగ్లీషు మాట. నాకు సంతకం పెట్టడం తప్ప అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు ఆదివారం బడిలో నేర్చుకున్న తెలుగుతో ఇదంతా రాస్తోంది. అమెరికాలో, కాపెల్ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంటికి మేం వచ్చిన కొత్తలో, ఈ పిల్ల కాలేజీ పరీక్ష కోసం రోజుకో పెద్ద మాట ఫ్రిజ్‌కి అంటించేది. ఆ మాట పెట్టి ఇంట్లోవాళ్ల మీదే వాక్యం చెప్పాలి, అదీ తాతా మనవరాళ్ల పందెం. ఈ అట్టముక్క అంటించిన రోజు మాట 'అక్వియెస్'. "అంటే ఒప్పుకోవడమేగా?" అన్నాను. "నో అమ్మమ్మా. అగ్రీ అంటే లోపల కూడా ఓకే. ఇదేమో నీకు ఇష్టం ఉండదు, కానీ ఫైట్ చెయ్యవు, జస్ట్ ఊరుకుంటావు. నిన్న నీతో మాల్‌లో వాక్‌కి తాతయ్య అక్వియెస్ చేశారు, అలా" అంది. ఆయన కాఫీ గ్లాసు దించి, "తాళి కట్టిన రోజు నుంచీ నేను చేస్తున్నది అదే కదమ్మా. దానికో పేరుందని తెలీలేదు" అన్నారు. అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను.

ఇవాళ ఆ అట్టముక్కని తీయబోయి మళ్లీ అక్కడే వదిలేశాను. ఆయన జబ్బుని మందులతో కూడా నెట్టుకురావచ్చని డాక్టరు చెప్పాడు. ఆపరేషనే కావాలని పట్టుబట్టింది నేను. ఆయన "నీ ఇష్టం" అంటే, మా మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి ఆసుపత్రి తెరమీద కనిపించే తెలుగు అమ్మాయి డాక్టరుకి "యెస్" అని చెప్పేసింది. నిజంగా యెస్సేనా? నోరులేని మనిషా అంటే కాదు. పాలు నీళ్లలా ఉన్నాయని అల్లుడి ముందే కాఫీ సింకులో పారబోశారు. చలికి కోతిటోపీ పెట్టుకోమంటే, "చంపినా పెట్టుకోను ఫో" అన్నారు. ఇష్టం లేకపోతే చెప్పేవారేలే అని కాస్త కుదుటపడతాను. అంతలో కాకరకాయ పులుసు గుర్తొస్తుంది. నలభై ఏళ్లు వండి పెట్టాను, ఆయన తిన్నారు. ఆ చేదు ఆయనకి పడదని కూతురితో అన్నారట, నాకు మొన్ననే తెలిసింది. మళ్లీ మొదటికొస్తాను.

తాతయ్యది ఒప్పుకోవడమా, ఊరుకోవడమా అని మనవరాలిని అడిగితే, "ఐ డోంట్ నో అమ్మమ్మా. బయటికి రెండూ సేమ్‌గానే కనిపిస్తాయి" అంది. చిన్నపిల్లల్ని ఇంత కష్టమైన మాటలు అడుగుతారా పరీక్షలో.

నలభై ఏళ్లు కాపురం చేస్తే మనిషి మాటలన్నీ తెలిసిపోతాయనుకున్నాను. కాలం మాటని మనకి వదిలేసి, అన్న గొంతుని పట్టుకుపోతుందనుకోలేదు. ఇక చాలు తల్లీ, మొదటి నుంచి చదివి వినిపించు. ఆయన "నీ ఇష్టం" అన్నచోట తొందరపడకు.