ముక్కాయన మాట

రంగుల ఫ్యాక్టరీలో మురుగునీళ్లు శుద్ధిచేసే చోట పనిచేసే పెద్దాయన్ని అందరూ ముక్కాయన అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకైనా గుర్తుందో లేదో. చూడబోతే ఆ ముక్కు చిన్నదే. కానీ ఒకప్పుడు గట్టు మీద నిలబడి గాలి పీల్చి, ఏ తొట్టిలో నీళ్లు కుళ్లుతున్నాయో ఇట్టే చెప్పేవాడు.

అందుకే అక్కడొక ఆనవాయితీ పడిపోయింది. నేలలోపలి తొట్టిలో బురద పేరుకున్నప్పుడు ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని దిగి తియ్యాలి. ఆ బురదలో విషవాయువు పుడుతుంది. రెండు గుక్కలు పీలిస్తే మనిషి మళ్లీ పైకి రాడు. అందుకని ముందు మూత తీయించి, ముక్కాయన వంగి వాసన చూసి "దిగు" అనాలి. ఆయన అన్నాక ఇంకొకరిని అడిగేవాళ్లు లేరు. దిగేది ఎక్కువగా ఆయన బావమరిదే. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. అతన్ని ఈ పనిలో పెట్టించింది కూడా ముక్కాయనే.

అసలు సంగతేమిటంటే, ఆ ముక్కు చచ్చిపోయి రెండేళ్లయింది. ఓ ముదిరిన జలుబు పోతూపోతూ వాసననూ వెంటబెట్టుకుపోయింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. చెప్పుకుంటే పరువూ పోతుంది, పనీ పోతుందని ఆయన నోరు మెదపలేదు. ఎప్పటిలాగే వంగేవాడు, ఎప్పటిలాగే దిగమనేవాడు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమంత చెడ్డ గురువు మనిషికి ఇంకొకరు లేరు. బావమరిది బురద తట్టలు పైకి పంపి, తనూ పైకొచ్చి, చేతులు కడుక్కుని టీ తాగేవాడు.

ఈమధ్య యాజమాన్యం తొట్లన్నిటికీ సెన్సర్లు పెట్టించింది. నీళ్ల రంగు, ఘాటు, తొట్టి అడుగున గాలి, అన్నీ గదిలో తెర మీద కనబడతాయి. వాటిని బిగించడానికి వచ్చిన ఇంజనీరమ్మ ఇక ఎవరూ వాసనలు చూడక్కర్లేదని చెబితే, ముక్కాయన ఉండగా ఈ డబ్బాలెందుకని అందరూ నవ్వారు. వాళ్లతో పాటు ముక్కాయనా నవ్వాడు.

మొన్న బురద తీసే రోజున మూత పక్కన ఎర్రదీపం వెలిగి అలారం మోగింది. ఎవరూ దిగొద్దంది ఇంజనీరమ్మ. పెట్టిన దగ్గర్నుంచీ ఇది అయినదానికీ కానిదానికీ మోగుతూనే ఉందని సూపర్‌వైజర్ విసుక్కున్నాడు. ఆమె వైపు చూడనైనా చూడకుండా ముక్కాయన్ని పిలిచాడు. బావమరిది అప్పటికే నిచ్చెన మీద ఒక కాలు పెట్టి, బావ నోటివంక చూస్తున్నాడు.

ముక్కాయన వంగాడు. ఎప్పటిలాగే ఏ వాసనా లేదు. దిగమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకు ఆగిందో ఆయనకే తెలీదు.

"నా ముక్కు పనిచెయ్యదు. రెండేళ్లయింది," అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు.

బావమరిది కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మరి ఇన్నాళ్లూ దిగమన్నావు కదా బావా?"

"అన్నాను."

ఇంజనీరమ్మ గాలిని కొలిచే ఇంకో మీటరుకు తాడు కట్టి లోపలికి దించింది. అదీ అదే చెప్పింది. తొట్టి నిండా విషమే. సూపర్‌వైజర్ మూత వేయించాడు. ముక్కాయన్ని పనిలోంచి తీసెయ్యలేదు గానీ, మర్నాటి నుంచి గేటు దగ్గర కూర్చోమన్నారు. ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. సరేనని తలూపి, సైకిలు తీసుకుని ఇంటికొచ్చాడు.

బావమరిది ముందే వచ్చి అక్కతో అంతా చెప్పేశాడు. ఏడ్చాడు కూడా. ఆవిడ అరవలేదు. మొగుడికి కంచంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"వాడు దిగిన ప్రతిసారీ మీకు భయం వెయ్యలేదా?"

వేసిందని చెబుదామనే ఆయన చూశాడు. లోపలంతా వెతుక్కున్నాడు.

"మొదటిసారి వేసింది," అన్నాడు. "తర్వాత వెయ్యలేదు."

ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి, లేచి పక్కగదిలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టాడు.