హల్దీల నీలం ఫ్లెక్సీ

మొన్న మా చెల్లె శ్రావణి హల్దీల నేను జేసిన ఘనకార్యం ఇంటే చాయ్ పక్కన వెట్టి నవ్వుతరు. నవ్వున్రి, నాకేం!

స్టేజీ వెనక ఫ్లెక్సీ నా జిమ్మేదారి. శ్రావణి ఒక్కటే జెప్పింది: "అక్కా, నా చీర రంగే రావాలె. నిండు పసుపు. ఫోటోలు గలీజ్ గావొద్దు."

నేను పోచారంల ఒక కంపెనీల కెమెరా సాఫ్ట్‌వేర్ రాస్త గదా, మస్తు బిల్డప్ ఇచ్చిన. ఉప్పల్ల ఫ్లెక్సీ షాపు యాదగిరన్నకు ఫోన్ కొట్టి, "రంగు కోడ్ రాస్కో అన్నా. సున్నా సున్నా, డి ఏడు, ఎఫ్ ఎఫ్" అన్న.

"డిజైన్ ఒకసారి చూస్తరా మేడం?"

"కోడ్ ఇచ్చినంక సూసుడేంది అన్నా!"

తెల్లారి నాచారంల మా బిల్డింగ్ కింద అందరు పసుపు బట్టలు, బంతిపూలు. ఫ్లెక్సీ విప్పిన్రు. నీలం! మామూలు నీలం గాదు, తళతళలాడే ఆకాశం! శ్రావణి కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. "ఏందక్కా ఇది? నా ఫోటోలన్నీ పాయె!"

అప్పుడు వెలిగింది నాకు. కంప్యూటర్‌కు రంగంటే మూడు నంబర్లే: ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత. తొమ్మిది దాటినంక ఏ నుంచి ఎఫ్ దాక అక్షరాలతోని లెక్కవెడ్తది. ఎఫ్ ఎఫ్ అంటే ఫుల్లు. లోకమంత ఎరుపు ముందు రాస్తది, మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ల నీలం ముందు. అలవాటుకొద్ది గట్లనే ఉల్టా జెప్పిన! వెలుగుల ఎరుపు, ఆకుపచ్చ గలిస్తే పసుపు; నా ఫుల్లు ఎరుపు యాదగిరన్న కంప్యూటర్ల ఫుల్లు నీలమైంది.

కానీ నిజం జెప్తున్న, అమ్మ ఒకదిక్కు తిడుతనే ఉన్నది, నేను నోరు తెర్సుకొని ఫ్లెక్సీనే జూస్తున్న. గవే మూడు నంబర్లు! ఒక్కటి తగ్గలే, ఒక్కటి పెరగలే. అటుది ఇటు వెడితే పసుపు ఆకాశమైంది! ఇన్ని లక్షల రంగులు గీ ఆరు గుర్తులల్ల ఎట్ల పట్టినయ్ రా దేవుడా!

ఉండవట్టలేక, "శ్రావణీ, ఎంత గొప్పగుందో సూడే!" అన్న.

అది దోసెడు పసుపు నా మొఖాన గొట్టింది.

ఫోటోగ్రాఫర్ కెమెరాల సూపిచ్చినంకనే దాని మొఖం విచ్చుకుంది. నీలం ముందల పసుపు చీరల మా చెల్లె మెరిసిపోతుంది! నాకు పాణం లేసొచ్చింది.

నిన్న యాదగిరన్న ఫోన్. "మేడం, పెళ్ళి ఫ్లెక్సీకి కుంకుమ రంగన్నరు. కోడ్ జెప్పున్రి."

"కోడ్ గీడ్ వద్దన్నా," అన్న. "కుంకుమ పొట్లం గట్టుకొని నేనే వస్తున్న."